రేయ్

స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం గోడౌను నెత్తిన
రేకుల హాలు.
తవుడు వాసన మెట్లెక్కి
మాకంటే ముందే చాపల మీద కూచోనుంటది.

నేను చాపలు పరవడానికి పోయినోణ్ణి.
సాయంత్రం ఆరింటికి, నెలకి ఆరొందలు.
పగలంతా కిందనే,
వీపు మీద మొలకొలుకులు, మెడ మీద గోతం గీత.

మొదటి రోజు
పిల్లకాయలు మోకాళ్ళ మీద వరసగా కూచున్నారు.
శేషారత్నం మాస్టరమ్మ గట్టిగా అనింది:
“రేయ్!”
చీపురు పారేసి ఉరికినా.
“ఏం మా?”

ఎవురూ నన్ను చూళ్ళా.
తలకాయలన్నీ నేలకి వంగున్నాయి.

జపాను మాటంట.
రేయ్ అంటే వంగి దండం పెట్టడమంట.
ఇరవై రెండేళ్ళుగా ఆ మాటకి వంగతానే ఉండా,
అది దండమని ఎవురూ చెప్పలా.

తడ దగ్గర జపానోళ్ళ ఫ్యాక్టరీలో
పదకొండేళ్ళు చేసిందంట ఆయమ్మ.
ఐకిడో ఆడనే నేర్చుకునింది.
మానేసి వచ్చేటప్పుడు
క్యారేజీ నిండా ఈ మాటలు సర్దుకోనొచ్చింది.

“చెంగయ్యా, నువ్వు కూడా రా, ఉకేగా నిలబడు.”
ఊరకే అనుకోని నిలబడినా.
ఊరకే కాదు, ఉకే.
పడేవాడు.
“పడేదానికి కూడా పేరుందా మా?”
“పడడు. పుచ్చుకుంటాడు.
ఎదుటోడి బలాన్ని బదులు పుచ్చుకోని
నేలకి జమ కడతాడు.”

ఉషిరో అంటే వెనక.
వెనక్కి పడేటప్పుడు గెడ్డం ఛాతీకి ఆనాల.
నాకు పట్టుబడలా చాన్నాళ్ళు.
ఒకనాడు ఉసిరికాయ కొరికినట్టు మొహం పెట్టి పడినా,
తల నేలకి తగల్లా.
అప్పట్నించి అది ఉసిరో.
పిల్లకాయలు కూడా అట్నే అంటారు,
మాస్టరమ్మ నవ్వాపుకోని దిద్దతాది.

కుజుషి అంటే ఏ కుజదోషమో అనుకున్నా.
ఎదుటోడి నిలకడ తప్పించడమంట.
అదా!
మూట వీపు మీదికి వాలే ముందు
ఒక్క రెప్పపాటు
లారీదీ కాదు, నాదీ కాదు.
అప్పుడే నడుం తిప్పాల.
ముందు తిప్పితే జారిపోద్ది,
ఆలస్యమైతే నిన్నే తొక్కతాది.
చేసి చూపించినా.
ఆయమ్మ చాలాసేపు మాట్లాడలా.

లెక్క మాత్రం తకరారు.
ఇచి, ని, సాన్ అంటారు వాళ్ళు.
కొలతలో మేము ఒకటి అనం, లాభం అంటాం.
నోరు ఇచి అంటది, లోపల లాభమే మోగతాది.
నాలుగుని షి అంటే చావు వినపడద్దంట,
అందుకని యోన్ అంటారంట.
మేము ఏడు అనం,
ఏడుపు తగులుకుంటదని ఆరున్నొకటి అంటాం.
సముద్రానికి ఆ తట్టు చావు, ఈ తట్టు ఏడుపు.
అంకెకి జడిసేవాళ్ళు యాడైనా ఉండారు.

మొన్న శుక్రారం పొద్దుగూకి
అందరం మోకాళ్ళ మీద ఉండాం.
కింద నించి గుమాస్తా గురవయ్య కేక.
లారీ వచ్చినట్టుంది.
“రేయ్!”

పిల్లకాయలు
ఇరవై ముగ్గురూ
ఒక్కసారిగా వంగినారు.

మెట్లెక్కి వచ్చిన గురవయ్య
గడప కాడే ఆగిపోయినాడు.
ఆయన జన్మలో
ఆ మాటకి అంత మర్యాద చూసుండడు.
నేనూ వంగినా.
ఎదురుగా మాస్టరమ్మ కూడా వంగుండాది,
నా తట్టే.

తరవాత కిందికి పోయినా.
లారీ నిండా మూటలు.
మోకాళ్ళు ఎప్పట్లానే కలుక్కుమన్నాయి,
గోతం ఎప్పట్లానే మెడని గీరింది.

లాభం.
ని.
సాన్.
యోన్.

“ఏం లెక్కరా అది?” అన్నాడు గురవయ్య.
రేయ్ అనబోయి
ఎందుకో నాలిక మడిచినాడు.

అయిదు.
ఆరు.
ఆరున్నొకటి.